ఒకే కన్సోల్, రెండు రకాల బొమ్మ: తేడా ఎక్కడ పుడుతోంది?

క్లుప్తంగా: వీడియో ఆటల కన్సోల్ చిప్ బలం ఒక హద్దు గీస్తుంది. ఆ హద్దు లోపల బొమ్మ ఎంత బాగా వస్తుందో రెండు విషయాలు తేలుస్తాయి. ఒక్కో ఫ్రేమ్‌కు (తెర మీద వరుసగా మారే ఒక్కో బొమ్మకు) దొరికే కొద్ది మిల్లీసెకన్లను ఇంజిన్ (ఆటను నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఎలా పంచుతుందన్నది మొదటిది. ఏది గీయాలో, ఏది గీయనక్కర్లేదో తయారీ బృందానికి ఎంత కచ్చితంగా తెలుసన్నది రెండోది. కోనసీమ కాలువ గట్టు ఒకదాన్ని ఆటలో కట్టాల్సి వస్తే ఏమవుతుందో లెక్కలతో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

కొత్త కన్సోల్ వచ్చినప్పుడల్లా చర్చ టెరాఫ్లాప్‌ల దగ్గర, అంటే చిప్ సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదన్న కొలత దగ్గర మొదలై చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ప్లేస్టేషన్ 5కి 10.28, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి సుమారు 12, సిరీస్ ఎస్‌కి 4. పిండి కొద్దీ రొట్టె అనుకుంటే ఈ అంకెలే అన్నీ చెప్పేయాలి. కానీ ఒకే ప్లేస్టేషన్ 5 మీద ఒక ఆట కళ్లు తిప్పుకోనివ్వదు, ఇంకోటి మసకగా, తడబడుతూ నడుస్తుంది. పిండి ఒకటే అయినప్పుడు తేడా వంటలో ఉందన్నమాట.

ఉదాహరణకు ఒక దృశ్యం. అమలాపురం వైపు పంట కాలువ గట్టు. జనవరి ఉదయం. ఒక పక్క దాళ్వా (రెండో పంట) నాట్లు పడిన చేలు, ఇంకో పక్క ఏడెకరాల కొబ్బరితోట, కాలువ నీళ్లలో చెట్ల నీడలు, పైన పల్చటి మంచు. కంటికి ప్రశాంతంగా కనిపించే ఈ చోటు గ్రాఫిక్స్ ప్రోగ్రామర్‌కు మాత్రం కష్టమైన పరీక్ష. సన్నటి ఆకులు, ప్రతిబింబాలు, పొగమంచు, ఎడతెగని గాలి అన్నీ ఒక్కచోటే ఉన్నాయి.

గడువు ముందు, బొమ్మ తర్వాత

సెకనుకు 60 ఫ్రేమ్‌లు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది 16.67 మిల్లీసెకన్లు. 30 ఫ్రేమ్‌లకు 33.3. 120 హెర్ట్జ్ (తెర సెకనుకు 120 సార్లు మారే) టీవీల మీద కొన్ని ఆటలు ఇచ్చే 40 ఫ్రేమ్‌ల పద్ధతిలో 25 మిల్లీసెకన్లు, అంటే ఆ రెండింటికీ సరిగ్గా నడిమధ్య.

33.3 మిల్లీసెకన్ల గడువును ఒక బృందం ఇలా పంచుకుందనుకుందాం: నీడలకు 4, వస్తువుల ఆకారాలు గీయడానికి 7, వెలుగుకు 8, ప్రతిబింబాలకు 4, మంచుకూ పొగకూ 3, చివరి మెరుగులకు 4. మొత్తం 30. మిగిలిన మూడు మిల్లీసెకన్లు అనుకోని ఖర్చులకు. ఈ చివరి మిగులు ఉంచుకోని ఆటలే ఎక్కువగా తడబడతాయి. 60 హెర్ట్జ్ టీవీ మీద ఒక ఫ్రేమ్ 34 మిల్లీసెకన్లు తీసుకుంటే అది 34 దగ్గర కనిపించదు. తెర మళ్లీ మారే క్షణం దాకా, అంటే 50వ మిల్లీసెకను దాకా ఆగుతుంది. ఒక్క మిల్లీసెకను దాటినందుకు పదహారు మిల్లీసెకన్ల జరిమానా. తెర మారే వేగాన్ని (రిఫ్రెష్ రేటు) మార్చుకోగల టీవీలుంటే ఈ దెబ్బ తగ్గుతుంది. సగటు బాగున్నా ఆట కుదుపుతోందని జనం అనడానికి కారణం ఇదే: సగటు 28 మిల్లీసెకన్లు ఉన్నా, మధ్యలో వచ్చిన ఆ ఒక్క 50ని కన్ను పట్టేస్తుంది.

ఇంజిన్ ఏమిస్తుంది, ఏమివ్వదు

బొమ్మ గీసే భాగం, డిస్క్ నుంచి సరుకు తెచ్చే భాగం, యానిమేషన్, భౌతిక లెక్కలు, శబ్దం, ఆర్టిస్టులు పనిచేసే పనిముట్లు: ఇవన్నీ కలిస్తే గేమ్ ఇంజిన్. 2022 ఏప్రిల్‌లో పూర్తిస్థాయిలో విడుదలైన అన్‌రియల్ ఇంజిన్ 5ను ఇప్పుడు ఎక్కువమంది కొలమానంగా తీసుకుంటున్నారు. అందులోని నానైట్ అనే భాగం ప్రతి వస్తువునూ (ఆటలో ఆకారాలన్నీ చిన్న త్రిభుజాలతోనే కడతారు) 128 త్రిభుజాల వరకు ఉండే చిన్న గుత్తులుగా కోసి, తెర మీద అది ఎంత చిన్నగా కనిపిస్తోందో చూసి ఆ మేరకే వివరం గీస్తుంది. లుమెన్ అనే ఇంకో భాగం, వెలుగు ఒక గోడ మీద పడి ఇంకో గోడ మీదకు ఎలా చిందుతుందో అప్పటికప్పుడు లెక్కిస్తుంది.

ఇవి ఉచితంగా వచ్చే వరాలు కావు. ఈ తరం కన్సోళ్ల మీద లుమెన్ పై స్థాయి అమరికకు, లోపల 1080పి రెజల్యూషన్‌లోనే (1920 × 1080 పిక్సెళ్లు) సుమారు 8 మిల్లీసెకన్లు పడుతుందని ఇంజిన్ తయారీదారు ఎపిక్ పత్రాలే చెబుతాయి. 30 ఫ్రేమ్‌ల ఆటలో అది నాలుగో వంతు. 60 ఫ్రేమ్‌ల ఆటలో దాదాపు సగం. పెట్టెలోంచి తీసిన అమరికను అలాగే ఉంచి, తర్వాత 60 ఫ్రేమ్‌లు కావాలని పట్టుబట్టే బృందం రెజల్యూషన్‌ను తెగ్గోయక తప్పదు. అక్కడి నుంచే మసక మొదలవుతుంది. ఆ మసకకు చాలామంది ఇంజిన్‌ను నిందిస్తారు. అసలు తప్పు లక్ష్యాన్నీ అమరికనూ జతచేయకపోవడంలో ఉంది.

ఏడెకరాల కొబ్బరితోట లెక్క

ఇరవై ఐదడుగుల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 70 కొబ్బరిచెట్లు. ఏడెకరాలకు దాదాపు 500. కాపుకొచ్చిన చెట్టుకు 30 మట్టలు, మట్టకు 200 ఈనెలాకులు. అంటే చెట్టుకు 6,000 ఆకులు. ఆకు కాస్త వంగినట్టు కనిపించాలంటే నాలుగు త్రిభుజాలైనా కావాలి. చెట్టుకు 24,000, తోటకు 1 కోటి 20 లక్షలు. నీడల కోసం ఇందులో చాలా భాగాన్ని మళ్లీ గీయాలి.

పాత తరం ఉపాయం వేరు. మట్ట మొత్తాన్నీ ఒక పలుచటి పలకగా చేసి, దాని మీద ఆకుల బొమ్మ అతికించి, ఆకుల మధ్య ఖాళీలను పారదర్శకంగా వదిలేస్తారు. పలకకు ఎనిమిది త్రిభుజాలు చాలు. తోటంతా కలిపి 1 లక్షా 20 వేలు. వందో వంతుకు దిగిపోయింది. కానీ ఖర్చు పోలేదు, ఇంకోచోటికి మారింది. కొబ్బరిమట్ట పలకలో సగానికి పైగా ఖాళీయే. ఆ ఖాళీ పిక్సెళ్లకు కూడా చిప్ షేడర్ (పిక్సెల్ రంగు తేల్చే చిన్న ప్రోగ్రామ్) నడిపి, ఇక్కడ ఏమీ లేదని తేల్చుకుని వదిలేస్తుంది. తోట లోపల నిలబడి చూస్తే ఒకే పిక్సెల్ మీద పది మట్టలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. 4కె తెరలో సుమారు 83 లక్షల పిక్సెళ్లు. వాటికి పది రెట్లు, అంటే 8 కోట్లకు పైగా షేడర్ పరుగులు, అందులో చాలావరకు వృథా.

అనుభవం ఉన్నవాళ్లు మూడు పనులు చేస్తారు. నాలుగు మూలల పలక బదులు ఆకుల అంచును అనుసరించి ఎనిమిది, పది మూలలతో కత్తిరిస్తారు. త్రిభుజాలు కొన్ని పెరిగినా ఖాళీ పిక్సెళ్లు బాగా తగ్గుతాయి. తర్వాత, రంగు వేయకుండా లోతు మాత్రమే ముందు ఒకసారి గీసి, రెండో విడతలో కంటికి అన్నిటికన్నా దగ్గరున్న ఆకుకే పూర్తి షేడర్ నడుపుతారు. మూడోది దూరాన్ని బట్టి చెట్టును మార్చడం: 15 మీటర్ల లోపల పూర్తి ఆకారం, 60 మీటర్ల దాకా పలకలు, ఆపైన నాలుగు వైపుల నుంచీ ముందే తీసి పెట్టుకున్న బొమ్మ అతికించిన రెండు త్రిభుజాలు. ఈ మార్పు జరిగేచోట చెట్టు చటుక్కున మారినట్టు కనిపించకూడదు. చుక్కల జల్లెడలా ఒకటి కరుగుతూ ఇంకోటి తేలేలా చేయాలి. ఇక్కడే చాలా ఆటలు దొరికిపోతాయి.

నానైట్ వచ్చాక ఈ పనులన్నీ తీరిపోయాయా? కొంతవరకు. మొదట్లో అది కదలని, పారదర్శకత లేని వస్తువులకే పనికొచ్చేది. 2022 చివర్లో వచ్చిన 5.1 నుంచి ఆకులకూ, గాలికి ఊగడానికీ వీలు కలిగింది. అయినా రెండు చిక్కులున్నాయి. దూరం పెరిగే కొద్దీ త్రిభుజాలు తగ్గించేటప్పుడు సన్నటి ఆకులు ముందు మాయమై చెట్టు బోడిగా కనిపిస్తుంది. ఆకుల విస్తీర్ణం తగ్గకుండా కాపాడే అమరికను ఎంచుకోవాలని తెలియాలి. రెండోది ఇంకా ఖరీదైనది: నీడలను ఇంజిన్ ఒకసారి లెక్కించి దాచుకుంటుంది. ఆకు ఊగిందంటే ఆ నిల్వ చెల్లదు, మళ్లీ లెక్కించాలి. ఐదు వందల చెట్లూ ఊగుతుంటే నిల్వ అనేదే ఉండదు. కొంత దూరం దాటాక ఊగడం ఆపేయమని ఒక అంకె ఇస్తే సరిపోతుంది. 80 మీటర్ల అవతలి మట్ట ఊగిందో లేదో ఎవరూ చూడరు. ఈ ఒక్క అంకె తెలిసిన బృందానికీ తెలియని బృందానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా వస్తుంది.

వరిచేను సంగతి త్వరగా తేల్చవచ్చు. 20 × 15 సెంటీమీటర్ల ఎడంతో నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు, ఎకరానికి లక్షా ముప్ఫై వేలకు పైన. కుదురు కుదురుగా ఎవరూ గీయరు. కాళ్ల దగ్గర పాతిక మీటర్ల మేర గుత్తులు, ఆపైన నేల బొమ్మకే పచ్చదనం, గాలి అలలు.

కాలువ నీళ్లు ఎక్కడ దొరికిపోతాయి

నీటిలో ప్రతిబింబం చవగ్గా తెచ్చే పద్ధతి, తెర మీద ఇప్పటికే గీసిన బొమ్మలోంచే దాన్ని ఏరుకోవడం. తెరలో లేనిది ప్రతిబింబంలోనూ ఉండదు. గట్టు మీద నిలబడి కెమెరాను కాస్త నీళ్ల వైపు వంచితే కొబ్బరి తలలు తెర పైఅంచు దాటిపోతాయి. ఆ క్షణమే నీటిలోని తలలూ చెరిగిపోతాయి. చాలా ఆటల్లో కనిపించే ఈ లోపం చిప్ బలహీనత వల్ల వచ్చేది కాదు, ఎంచుకున్న పద్ధతి వల్ల వచ్చేది.

రెండో పద్ధతి దృశ్యాన్ని తలకిందులుగా ఇంకోసారి గీయడం. కాలువ నీటిమట్టం ఒకే సమతలం కనుక ఇక్కడ ఇది బాగా నప్పుతుంది. రెట్టింపు ఖర్చు కాకుండా సగం రెజల్యూషన్‌లో, ఆకాశం, చెట్లు మాత్రమే గీసి, వరి, గడ్డి వదిలేస్తారు. మూడోది రే ట్రేసింగ్, అంటే ఒక్కో వెలుగు కిరణం దేన్ని తాకుతుందో లెక్కించడం. ఇక్కడ కొబ్బరిచెట్టు మళ్లీ అడ్డం వస్తుంది. కిరణం మట్ట పలకను తాకిన ప్రతిసారీ అది ఆకా, ఖాళీయా అని అడగాలి. ఆ ప్రశ్నకు కన్సోల్ మీద ధర ఎక్కువ. అందుకే కిరణాలకు చూపించే చెట్టును వేరుగా, మొద్దుగా చేసి పెడతారు. అలలున్న నీటిలో ఆ మొద్దుదనం కనిపించదు.

స్థలం తెలియడం కూడా ఒక నైపుణ్యమే. వరదల కాలంలో గోదావరికి వచ్చేది ఎర్రనీరు, అడుగు కనిపించదు. నీటి అడుగును వంచి చూపించే లెక్క ఆ దృశ్యంలో అసలు అక్కర్లేదు. దవళేశ్వరం దగ్గర జూలై నాటి నదిని అద్దంలాంటి నీటి మెటీరియల్‌తో చేసిన బృందం ఖర్చూ ఎక్కువ పెడుతుంది, ఫలితమూ తప్పుగా తెస్తుంది.

ఇక పొగమంచు. ప్రతి పిక్సెల్ నుంచి లోపలికి 64 చోట్ల ఆగుతూ వెలుగు కొలిస్తే 1080పిలోనే 13 కోట్లకు పైగా లెక్కలు. దాని బదులు ముందున్న గాలిని 160 × 90 × 64 గదులుగా కోస్తే 9 లక్షల 21 వేలు చాలు. గదులు పెద్దవి కనుక గత ఫ్రేముల ఫలితాన్ని కలిపి నునుపు చేస్తారు. మంచులో బండి లైటు వేగంగా తిరిగినప్పుడు వెలుగు వెనకబడి సాగినట్టు కనిపించేది అందువల్లే.

శివారు చేను ఎందుకు ఎండుతుంది

దాళ్వాలో వంతులవారీగా నీళ్లిచ్చే డెల్టాలో ఈ ప్రశ్నకు వివరణ అక్కర్లేదు. బ్యారేజీలో నీరుండవచ్చు. పైవాళ్లు ఎక్కువ వాడేస్తే, లస్కరు (కాలువ కాపలాదారు) తూము సరైన వేళకు దించకపోతే చివరి చేనుకు చేరదు. మెమరీ బ్యాండ్‌విడ్త్ (మెమరీకీ చిప్‌కూ మధ్య సెకనుకు పారగల సమాచారం) కూడా అంతే. ప్లేస్టేషన్ 5లో సెకనుకు 448 జీబీ. 60తో భాగిస్తే ఫ్రేమ్‌కు దాదాపు 7.5 జీబీ. సీపీయూ (సాధారణ లెక్కలు చేసే భాగం), జీపీయూ (బొమ్మ గీసే భాగం) రెండూ ఈ ఒక్క కాలువనే పంచుకుంటాయి.

4కెలో పిక్సెల్‌కు 20 బైట్ల సమాచారం, అంటే రంగు, దిశ, గరుకుదనం, లోతు రాస్తే ఫ్రేమ్‌కు 166 మెగాబైట్లు, సెకనుకు 60 సార్లంటే 10 జీబీ. ఇది ఒక్కసారి రాయడానికి మాత్రమే. కొబ్బరి మట్టల్లా ఒకదానిపై ఒకటి పడితే మూడు నాలుగు రెట్లు, మళ్లీ చదివినప్పుడల్లా ఇంకోసారి. అజాగ్రత్తగా పంచిన ఇంజిన్‌లో వెలుగు లెక్కకు కావలసిన సమాచారం ఆలస్యంగా వస్తుంది. చిప్‌లో లెక్క చేసే గదులు ఖాళీగా ఎదురుచూస్తాయి. టెరాఫ్లాప్‌ల అంకె ఈ ఎదురుచూపును చెప్పదు.

టెక్స్చర్ల (వస్తువుల మీద అతికించే బొమ్మల) విషయంలో తప్పులు ఇంకా తేలిగ్గా జరుగుతాయి. 4096 × 4096 బొమ్మను కుదించకుండా పెడితే 64 మెగాబైట్లు. పిక్సెల్‌కు ఒక బైటు పట్టే బీసీ7 కుదింపులో 16. దూరానికి వాడే చిన్న ప్రతులు కలిస్తే దాదాపు 21. అరచేయంత కనిపించే కొబ్బరికాయకు ఇంత పెద్ద బొమ్మ అతికించే ఆర్టిస్టు, దాన్ని పట్టుకునే తనిఖీ లేని బృందం, రెండూ కలిస్తే ఎంత మెమరీ ఉన్నా చాలదు.

అదే యంత్రం, ఆరేళ్ల తేడా

నైపుణ్యం ప్రభావాన్ని విడిగా కొలవాలంటే యంత్రం మారకుండా కాలం మారిన ఉదాహరణ కావాలి. ప్లేస్టేషన్ 3 అందుకు సరిగ్గా సరిపోతుంది. 256 మెగాబైట్ల ప్రధాన మెమరీ, 256 మెగాబైట్ల వీడియో మెమరీ, ఆటలకు దొరికే ఆరు సహాయక కోర్లు, ఒక్కోదానికి 256 కిలోబైట్ల సొంత జాగా. దీని మీద నాటీ డాగ్ సంస్థ 2007లో మొదటి అన్‌చార్టెడ్ తెచ్చింది, 2013లో ది లాస్ట్ ఆఫ్ అస్ తెచ్చింది. రెండూ పక్కపక్కన పెడితే ఒకే యంత్రం అని నమ్మబుద్ధి కాదు. తేడా ఆ సహాయక కోర్లను వాడుకోవడంలో వచ్చింది. కనిపించని త్రిభుజాలను గ్రాఫిక్స్ చిప్ దాకా పోనీయకుండా ముందే ఏరివేయడం, చివరి మెరుగుల పని వాటికి అప్పగించడం ఆ తరం నేర్చుకున్న విద్య. 2010లో గాడ్ ఆఫ్ వార్ 3 అంచుల గరుకును నునుపు చేసే పనిని ఆ కోర్లకు తరలించి గ్రాఫిక్స్ చిప్ భారం తగ్గించింది.

4 జీబీ మెమరీ ఉన్న నింటెండో స్విచ్ మీద 2017లో బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, 2023లో టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ వచ్చాయి. రెండో ఆటలో ఆకాశ ద్వీపాలు, భూగర్భం కూడా చేరాయి. యంత్రం అదే.

వ్యతిరేక ఉదాహరణా ఉంది. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 ప్లేస్టేషన్ 4 మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచే తీసేసింది. 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. అదే ఆట 2025 జూన్ 5న చేతిలో పట్టే స్విచ్ 2తో పాటే విడుదలైంది. నడుమ కొత్త తరం సీపీయూ, వేగవంతమైన నిల్వ వచ్చిన మాట నిజమే. ప్లేస్టేషన్ 4 హార్డ్ డిస్క్ సెకనుకు 50 నుంచి 100 మెగాబైట్లు ఇస్తే, ప్లేస్టేషన్ 5 ఎస్‌ఎస్‌డీ 5.5 జీబీ ఇస్తుంది. కిక్కిరిసిన నగరంలో బండి తోలుతుంటే ఈ తేడా చాలా కీలకం. కానీ ఆ నాలుగున్నరేళ్ల మరమ్మతు లేకపోతే కొత్త యంత్రం ఒక్కటే కాపాడేది కాదు.

బాల్డర్స్ గేట్ 3 సంగతి ఇంకా స్పష్టం. 10 జీబీ మెమరీ ఉన్న సిరీస్ ఎస్ మీద తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే సదుపాయం కుదరక 2023లో ఎక్స్‌బాక్స్ విడుదలే వెనకబడింది, చివరికి అది లేకుండానే ఆ యంత్రానికి వచ్చింది. 2025 ఏప్రిల్ నవీకరణలో అదే సిరీస్ ఎస్‌కు ఆ సదుపాయం చేరింది. ఒక్క జీబీ కూడా పెరగలేదు.

సొంత ఇంజినా, అందరి ఇంజినా

గెరిల్లా సంస్థ సొంత ఇంజిన్ డెసిమాతో 2017లో హొరైజన్ జీరో డాన్ తెచ్చింది. అదే ఇంజిన్‌ను తీసుకుని కొజిమా ప్రొడక్షన్స్ 2019లో డెత్ స్ట్రాండింగ్ చేసింది. ఒకదానిలో దట్టమైన పచ్చదనం, ఇంకోదానిలో నాచు పట్టిన రాళ్ల ఏకాంతం. సొంత ఇంజిన్ అసలు బలం, దాన్ని రాసినవాడు పక్క గదిలో ఉండటం. ఆర్టిస్ట్ అడిగిన మార్పు ఆ వారంలోనే లోపలికి వెళుతుంది. బలహీనతా అక్కడే ఉంది: రాసినవాళ్లు వెళ్లిపోతే తెలివీ వెళ్లిపోతుంది, కొత్తగా చేరినవాళ్లకు నెలల తరబడి నేర్పాలి. సీడీ ప్రాజెక్ట్ రెడ్ తర్వాతి విచర్ ఆటకు అన్‌రియల్ 5 వాడతామని 2022లో ప్రకటించింది. హేలో స్టూడియోస్ 2024లో అదే దారి పట్టింది. పనివాళ్లు సులువుగా దొరకడం ఇక్కడ పెద్ద ఆకర్షణ. దీనికి చెల్లించే మూల్యం, లోతుగా మార్చుకోకుండా వాడితే ఆటలన్నీ ఒకేలా కనిపించడం, ఒకేచోట తడబడటం.

లోపం చూసి కారణం పట్టడం

ఆడేవాళ్లకు ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత సమయం పట్టిందో కొలిచే పనిముట్టు) అందుబాటులో ఉండదు. అయినా కన్ను చాలా చెబుతుంది. కెమెరా తిప్పినప్పుడు క్రమంగా కుదుపు వస్తే ఫ్రేముల మధ్య ఎడం సమంగా లేదని అర్థం. పరిగెత్తేటప్పుడు గోడ బొమ్మ ముందు మసకగా ఉండి తర్వాత తేటపడితే నిల్వ నుంచి సరుకు ఆలస్యంగా వస్తోంది. కరెంటు తీగలు, కొబ్బరాకుల అంచులు మినుకుమంటే, లోపల తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తున్నారు. కదిలే మనిషి వెనక నీడలాంటి చార మిగిలితే గత ఫ్రేములను కలిపే లెక్కలో కదలిక సమాచారం తప్పింది. ఊగే ఆకులకు కదలిక వివరం రాయడం మరిచిపోయినప్పుడు ఇది ఎక్కువ.

డెల్టా ఉక్కపోతలో మే నెలలో ఆట మందగిస్తుందన్న అనుమానం తరచూ వినిపిస్తుంది. ప్లేస్టేషన్ 5 చిప్ వేగాన్ని గది వేడిని బట్టి కాకుండా, చేస్తున్న పనికి పట్టే విద్యుత్తును బట్టి మార్చుకునేలా రూపొందించారు. కాకినాడలోనైనా ఊటీలోనైనా బొమ్మ ఒకటే. ఫ్యాన్ మోత మాత్రం పెరుగుతుంది. దుమ్ము పట్టి మరీ వేడెక్కితే హెచ్చరిక చూపించి ఆగిపోతుంది.

నేర్చుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి

భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం కాలేజీల్లో అన్‌రియల్ దింపుకుని పనిచేసే విద్యార్థికి కన్సోల్ డెవలప్‌మెంట్ కిట్ (ఆటల తయారీకి ఇచ్చే ప్రత్యేక కన్సోల్) దొరకదు. కన్సోల్ తయారీదారు దగ్గర డెవలపర్‌గా నమోదైతే గానీ అన్‌రియల్‌లోని కన్సోల్ కోడ్ కూడా చేతికి రాదు. గడువు కింద పనిచేయడం మాత్రం ఉన్న కంప్యూటర్ మీదే నేర్చుకోవచ్చు. రెజల్యూషన్ 1080పికి, వేగం 30 ఫ్రేమ్‌లకు బిగించి, పైన చెప్పిన గట్టునే కట్టాలి. "స్టాట్ యూనిట్" ఆదేశం ఇస్తే ఫ్రేమ్, గేమ్, డ్రా, జీపీయూ వగైరా సమయాలు వస్తాయి. మిగతావాటిలో ఏది ఫ్రేమ్ సమయానికి దగ్గరగా ఉందో ఇరుకు అక్కడే. జీపీయూ అని తేలితే రెజల్యూషన్‌ను సగం చేసి చూడాలి. సమయం బాగా తగ్గితే పిక్సెళ్ల భారం, పెద్దగా తగ్గకపోతే త్రిభుజాలదో నీడలదో భారం. తర్వాత "స్టాట్ జీపీయూ"తో ఏ పనికి ఎన్ని మిల్లీసెకన్లో చూసి పట్టిక రాసుకోవాలి. ఒకచోట నిలబడి కొలిస్తే చాలదు. గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే దారిలో నడిపించి, అన్నిటికన్నా నెమ్మదైన ఫ్రేమ్‌ను రాసుకోవాలి. మార్పులు ఒక్కోసారికి ఒక్కటే చేయాలి, రెండు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు. మొదట ఆపి చూడాల్సింది దూరపు కొబ్బరాకుల ఊపు. నీడల వరుసలో అంకె ఎంత పడిందో అప్పుడే కనిపిస్తుంది.